వెనుక పుట్టిన పిల్ల

పండుగ పొద్దునే ఈనాలా ఈ మేక అని జమాల్ బీ విసుక్కుంది. ఆ విసుగు పొయ్యి మీది పాలగిన్నె దించి పక్కన పెట్టేంతసేపే ఉంది. కొట్టంలో చుక్కమేక ఒక మూలకు చేరి ముందరి కాలితో నేల గీకుతోంది, పడుకుంటోంది, లేస్తోంది, మెడ తిప్పి తన డొక్కను తానే వాసన చూసుకుంటోంది. ఇక ఎంతోసేపు పట్టదు. సేమ్యా తర్వాత వండుకోవచ్చు.

భర్త లాల్ మహమ్మద్ అప్పటికే ఈద్గాకు వెళ్లిపోయాడు. దూదేకుల వాళ్లు కాబట్టి ఇంట్లో మాట తెలుగే. చలికాలం వస్తే అతనికి చేతినిండా పని. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, పాత పరుపులు విప్పి ఏకి, మళ్లీ నింపి కుట్టి వస్తాడు. బీడీ తాగడు, కల్లు ముట్టడు. అతనికున్న సోకు ఒక్కటే, పట్నం పోయినప్పుడు కొనుక్కొచ్చుకున్న హీనా అత్తరు. బొటనవేలంత సీసా. దాన్ని పండుగలకే తీస్తాడు.

ఆ పొద్దున కూడా తీశాడు. దూదిపింజకు అద్ది చెవిలో పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ భార్య చేతి మీద ఇంత రాశాడు.

"పొయ్యి కాడ కూసునేదాన్ని, నాకెందుకయ్యా అత్తరు" అంది జమాల్ బీ.

"ఏడాది పొడుగూత పొగవాసనే గదా. పండుగ ఒక్కపూటన్న మారిస్తె నీ సొమ్మేం పోతది?"

"నా సొమ్ము గాదు, పాల సొమ్ము. సేమ్యల హీనా వాసనొస్తె నువ్వే తిడతవ్."

అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె చేతి మీది అత్తరును కొంగుకు తుడుచుకుని, పొయ్యిలో బూడిద తీసి చేతులు రెండుసార్లు రుద్ది కడుక్కుని, అప్పుడు పాలగిన్నె ముట్టుకుంది. వంట దగ్గర ఆమె అంత శుభ్రం.

మొదటి పిల్ల సుళువుగానే పడింది. పోతుపిల్ల, నల్లగా ఉంది, తల్లికున్నట్టే నుదుట తెల్లచుక్క. చుక్కమేక దాన్ని వెంటనే నాకడం మొదలుపెట్టింది. ముక్కు, చెవులు, వీపు ఆరేదాకా నాకింది. మధ్య మధ్య గొంతులోనే చిన్నగా గుర్రుమంటోంది. తల్లి ఆ పని చేస్తుంటే జమాల్ బీ అడ్డు వెళ్లలేదు. ఎడంగా కూర్చుని బొడ్డు ఒక్కటి చూసుకుంది. పేగును దారంతో కట్టి, కట్టుకు అవతల తెంపి, పసుపు అద్దింది.

రెండోది వచ్చేసరికి తల్లి ఇంకా మొదటిదాన్నే నాకుతోంది. రెండో పిల్ల వెనుక కాళ్లతో వచ్చింది. కిందపడినా కదల్లేదు. ముక్కు మీద పొర అలాగే అంటుకుని ఉంది. జమాల్ బీ వేళ్లతో పొర చించింది, నోట్లో వేలు పెట్టి జిగురు తీసింది. వెనుక కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపింది. ముక్కులోంచి నీళ్లు కారాయి తప్ప ఊపిరి రాలేదు. దగ్గర్లో గోనెగుడ్డ లేదు, ఎక్కడుందో వెతికే తీరికా లేదు. నడుము దగ్గర దోపుకున్న కొంగు లాగి దానితోనే రుద్దింది. రొమ్ము మీద, వీపు మీద, మెడ మీద గట్టిగా రుద్దింది. గడ్డిపోచతో ముక్కులో గెలికితే పిల్ల ఒక్కసారి తుమ్మింది. మళ్లీ తుమ్మింది. డొక్క ఎగిసిపడింది.

ఆడపిల్ల అని అప్పుడు చూసింది జమాల్ బీ. 

ఆమె ఎదురుచూసింది దీనికోసమే. చుక్కమేక ఆమెది కాదు. వెనుక వీధి భూలక్ష్మిది. భూలక్ష్మి వాళ్లు భూమి ఉన్న కాపులు, పెద్ద చెరువు కింద వాళ్లకు మడి ఉంది. మేకను జమాల్ బీకి పాలుకు ఇచ్చింది. అంటే మేపేది, ఈతకు దగ్గరుండేది, పిల్లల్ని సాకేది జమాల్ బీ. మేక మాత్రం ఎప్పటికీ భూలక్ష్మిదే. ఒంటిపిల్ల పుడితే అది భూలక్ష్మికి. జంట పుడితే ముందు పుట్టింది ఆసామిది, వెనుక పుట్టింది మేపినవాళ్లది. బతికినా అంతే, చచ్చినా అంతే. ఇచ్చిపుచ్చుకోవడాలు, మార్చుకోవడాలు లేవు. చుక్కమేక ఇంతవరకు ఈ కొట్టంలో ఈనినవన్నీ ఒంటిపిల్లలే. ఇప్పుడు దాని పళ్లు అరిగిపోయాయి. ఈ ఈత పిల్లలు గడ్డి కొరకడం మొదలుపెట్టాక సంతకు తోలేస్తానని భూలక్ష్మి చెప్పేసింది.

ఆ ఇంట్లో లాల్ మహమ్మద్ ఏకే దూది ఊరివాళ్లది. గుడిసె ఉన్న జాగా వేరేవాళ్లది. మేక భూలక్ష్మిది. వెనుక పుట్టిన ఈ ఆడపిల్ల ఒక్కటే జమాల్ బీది. రేపు ఇది ఎదిగి ఈనితే, ఆ పిల్లల్లో ఏది ఎవరిదని ఎవరూ అడగరు.

పిల్లను తెచ్చి చుక్కమేక ముందు పెట్టింది. మేక ముక్కు ముందుకు చాపింది. పిల్ల మెడ దగ్గర ఒకసారి, తోక దగ్గర ఒకసారి వాసన చూసింది. బుస్సుమని ముక్కు చీదింది. తల వంచి పిల్లను ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల పల్టీ కొట్టి గోడకు తగిలింది.

అలసిపోయి ఉంటుందిలే అనుకుంది జమాల్ బీ. మేకకు గోరువెచ్చని నీళ్లలో బెల్లం కలిపి పట్టింది. నిన్నటి జొన్నగట్కలో ఇంత వాము వేసి పెట్టింది. మావి పడేదాకా కాచుకుని కూర్చుంది. పడ్డాక దాన్ని ఎత్తి దొడ్డి మూల గుంటలో వేసి మట్టి కప్పింది. పొదుగు తుడిచి, రెండు చన్నుల నుంచి మొదటి చుక్కలు పిండి కింద పారబోసింది. చన్ను కొనల్లో బిరడాలా గట్టిపడిన జిగురు ఊడితేనే పిల్ల గుంజినప్పుడు ముర్రుపాలు వస్తాయి. పోతుపిల్ల తడబడుతూ వచ్చి చన్ను దొరకబుచ్చుకుంది. దాని తోక టకటకా ఊగింది. మేక దాని వెనుకభాగం వాసన చూసుకుంటూ పాలు చేపింది.

ఆడపిల్లను రెండో చన్ను దగ్గర పెట్టగానే మేక వెనుక కాలు విసిరింది.

లాల్ మహమ్మద్ ఈద్గా నుంచి వచ్చేసరికి ఇంట్లో పొయ్యి ఆరిపోయి ఉంది.

"ఏందే, పండుగ మనింటికి రాలేదా?" అన్నాడు గడపలోంచే.

"వచ్చింది. కొట్టంల ఉన్నది, చూడు. జంట."

అతను వంగి చూసి మురిసిపోయాడు. "వెనుకది?"

"ఆడిది."

"మస్తయ్యింది పో."

"మస్తేంది? తల్లి దగ్గరికి రానిస్తలేదు. ఆ కొత్త అంగీ ఇప్పి వచ్చి మేకను పట్టుకో."

"ఒక్క నిమిషమే గదా, అంగీ ఎందుకు ఇప్పుడు" అని అతను అలాగే వెళ్లి మేక మెడ మోకాళ్ల మధ్య ఇరికించుకుని వెనుక కాలు దొరకబట్టుకున్నాడు. జమాల్ బీ పిల్ల నోట్లో చన్ను పెట్టింది. పిల్ల కాసిన్ని ముర్రుపాలు గుంజింది. అంతలో మేక తన్నింది. పేడ అంటిన గిట్ట అంగీ మీద అచ్చుగుద్దినట్టు పడింది.

"ఈద్ ముబారక్ చెప్పింది" అన్నాడు లాల్ మహమ్మద్ అంగీ చూసుకుంటూ.

"నేను చెప్తె విన్నవా?"

కాసేపాగి మళ్లీ ప్రయత్నించారు. ఈసారి మేక తెలివి మీరింది. పట్టుకోగానే నాలుగు కాళ్లూ ముడుచుకుని పొదుగు మీదే కూలబడింది. లేపితే మళ్లీ కూలబడింది. బలవంతంగా లేపి నిలబెట్టినా పాలు పైకి ఎగబట్టింది. పిల్ల ఎంత గుంజినా ఒక్క చుక్క రాలేదు. అదే పొదుగు దగ్గరికి పోతుపిల్ల రాగానే మళ్లీ చేపింది.

జమాల్ బీ తనకు తెలిసినవన్నీ చేసింది. తల్లి పాలే చేతిలోకి పిండి పిల్ల వీపుకు, తోకకు పూసింది. మేక వాసన చూసి చీదింది. పిల్ల ఒంటి మీద ఉప్పు చల్లింది. ఉప్పు కోసమైనా నాకుతుందేమో, నాకితే తన పిల్ల అనుకుంటుందేమో అని. మేక ఒక్కసారి నాలుక చాపి, చప్పున వెనక్కి తీసుకుంది. మావి తడి పూద్దామని గుంట దగ్గరికి పోతే, మట్టి తవ్వి ఉంది. ఏ కుక్కో ఎత్తుకుపోయింది.

"రేపట్నుంచి నేనుండ. అబ్దుల్లాపూర్‌మెట్‌ల దౌరాకు సర్కారోళ్లు ఒచ్చి బస చేస్తరంట. పరుపులు ఏకాలె, తప్పది. నువ్వొక్కదానివి మేకను ఎట్ల పడతవ్?" అన్నాడు లాల్ మహమ్మద్.

"దాని పాలు పిండి, గుడ్డ ఒత్తితోటి తాపుతా."

"చేపకుంటె ఏం పిండుతవ్? పోతుపిల్ల కడుపుల పాలు నువ్వు గుంజుకుంటె భూలక్ష్మి ఊకుంటదా?"

 అతను అన్నది నిజమే. పాలు దొరికినా పొద్దుగూకితే చలి. తల్లి పక్కన వెచ్చగా పడుకోని పిల్ల ఈ చలికి ఆగదు.

ఏకిన దూది ఇంత తెచ్చి పిల్ల చుట్టూ పెట్టాడు లాల్ మహమ్మద్. జమాల్ బీ పొయ్యి రాజేసి, పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎలాగూ సేమ్యా వండాలి. పాలు మళ్లీ పొయ్యి మీదికెక్కాయి. నిప్పుల వేడి తగిలి పిల్ల వణుకు తగ్గింది. దాని ఒంటి తడి ఆరుతోంది.

అప్పుడు వచ్చింది వాసన. మొదట పొయ్యి దగ్గరున్న భర్తదే అనుకుంది. అతను నీళ్లకు బయటికి వెళ్లాడు, వాసన పోలేదు. తన చేయి ముక్కు దగ్గర పెట్టుకుంది. బూడిద వాసన తప్ప ఏమీ లేదు. వంగి పిల్ల మెడ మీద ముక్కు పెట్టింది. పాల వాసన, ఉప్పు వాసన, ఆ రెండిటి కింద నుంచి ఘాటుగా, వెచ్చగా హీనా అత్తరు.

కొంగు అంచు లాక్కుని వాసన చూసింది.

లాల్ మహమ్మద్ బిందెతో లోపలికి వస్తూ ఆమె ముఖం చూసి ఆగాడు. "ఏమైందే? సచ్చిందా?"

"లేదు. దీని మెడ కాడ వాసన చూడు."

అతను చూశాడు. నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆపుకున్నాడు.

"చేతులు కడిగిన గానీ, కొంగు సంగతి మర్చిన" అంది జమాల్ బీ. "గదే కొంగుతోటి తుడిచిన. ఊపిరి తెప్పియ్యాలె అని ఒళ్లంత రుద్దిన. తల్లికి తన పిల్ల వాసన ఎక్కడున్నది? పండుగకొచ్చిన సుట్టం అనుకుంటున్నది."

"కడుగుదాం."

"ఈ చలిలనా? ఒక్కసారి తడుస్తె పొద్దుగూకేసరికి కట్టె అయితది. అయినా హీనా కడుగుతె పోతదా? పోయిన పండుగది నీ టోపీల ఇంక ఉన్నది."

అతను బిందె దించి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తప్పు తనదా ఆమెదా అని తేల్చుకునే పని పెట్టుకోలేదు. ఊరికే అన్నట్టు అన్నాడు. "ఈద్గాల గూడ గంతే. అందరు ఒకరికొకరు రాసుకుని కౌగిలించుకున్నంక, కండ్లు మూసుకుంటె ఎవడు ఎవడో తెల్వది. అందరిది ఒకటే వాసన."

జమాల్ బీ తల ఎత్తి చూసింది.

"సీసాల ఇంక ఎంతున్నది?"

"ఎందుకు?"

"దీని వాసన తియ్యలేం. రెండోదానికి గూడ పెడితె? మేక ముక్కుకు గూడ పెడితె? గప్పుడు ఏది ఏదో దానికి తెల్వద్దు."

అతనికి సీసా ఇవ్వాలంటే ఒక క్షణం ప్రాణం ఒప్పలేదు. ఆ తర్వాత లేచి చూరులోంచి తీసి ఇచ్చాడు. "పెట్టు మరి."

ఆమె సీసా చేతిలో పట్టుకుంది గానీ లేవలేదు. తన పిల్ల ఇప్పటికే తన్నులు తింటోంది. పోతుపిల్లకు మాత్రం కడుపునిండా పాలు. దానికి ఈ వాసన పూసిన తర్వాత మేక దాన్ని కూడా కుమ్మితే? ఒక పిల్లను దక్కించుకోబోయి రెండు పిల్లల్నీ పోగొట్టుకున్నట్టు అవుతుంది. అందులో ఒకటి తనది కాదు.

"పోతుపిల్ల భూలక్ష్మక్కది" అంది.

"జర రాస్తె ఆమెకేం తెలుస్తది?"

"తెల్వదు. బతుకుతె తెల్వదు. సస్తె ఏం చెప్పాలె? నీ పిల్లకు అత్తరు పూసి చంపిన అని చెప్పాలె గదా."

ఏటా రంజాన్‌కు భూలక్ష్మి ఇంటికి పచ్చి సేమ్యా, చక్కెర, ఖర్జూరం తీసుకుపోవడం వాడుక. వీళ్లు వండింది వాళ్లింట్లో తినరు. పచ్చివి ఇస్తే భూలక్ష్మి తానే వండుకుంటుంది. ఆ మూడూ ఒక పళ్లెంలో సర్దుకుని, పిల్లను దూదిలో చుట్టి భర్తకు అప్పగించి, జమాల్ బీ వెనుక వీధికి బయలుదేరింది.

భూలక్ష్మి అరుగు మీద కందిపప్పు చెరుగుతోంది. బక్కపలచని మనిషి. నోరు పెద్దది. ఆమె చేట కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"ఏందే జమాలూ, పండుగ పొద్దటికే అయిపాయెనా? సేమ్య గింత ఆలస్యం తెచ్చినవ్. మీ ఆయన తినంగ మిగిలిందా?"

"పచ్చి సేమ్య ఆయనెట్ల తింటడక్కా. మేక ఈనింది."

చేట ఆగింది. "ఎన్ని?"

"జంట. ముందుది పోతు, నీది. మస్తుగున్నది, పాలు తాగుతున్నది. ఎనకది ఆడిది."

"నీ కడుపు సల్లగుండ, నీకు ఆడిది పడ్డది. మరి ముఖం గట్ల పెట్టినవేందే?"

జమాల్ బీ జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది. కొంగు సంగతి కూడా దాచలేదు. భూలక్ష్మి ఆ కొంగు పట్టుకుని వాసన చూసి, ముక్కు చిట్లించి వదిలేసింది.

"అబ్బ. మేకను అననీకి లేదు. నాకే తల తిరిగింది."

"నీ పోతుకు గూడ పెడితె మేక రెంటిని కలుపుకుంటదని నాకనిపిస్తున్నది. కలుపుకోక పోవచ్చు గూడ. అందుకే అడగనీకి వచ్చిన."

"కలుపుకోకపోతె నాది గూడ తన్నులు తింటది."

"అవ్."

"నాకేం కర్మ? నాది మంచిగ తాగుతున్నదంటివి."

"అవ్, నీకేం కర్మ లేదు. వద్దంటె వద్దు."

భూలక్ష్మి పప్పులో రాయి ఏరి అవతలికి విసిరింది. పాలుకు ఇచ్చిన జీవాల విషయంలో ఆమె ఎవరికీ ఇంత కూడా వదులుకోదని వీధి అంతా తెలుసు. అలాగని మాట తప్పుతుందని మాత్రం ఎవరూ అనలేదు.

"ఒక మాట చెప్తా, విను" అంది చివరికి. "నాదానికి ఏమన్న అయ్యి, నీది బతికిందనుకో. గప్పుడు బతికింది నాది. ఒప్పుకుంటె పెట్టు."

జమాల్ బీ పళ్లెం అంచు పట్టుకుని నిలబడింది. ఒప్పుకుంటే ఆడపిల్ల బతికి కూడా భూలక్ష్మికి పోవచ్చు. ఒప్పుకోకపోతే పొద్దుగూకేసరికి చస్తుంది, అప్పుడు అది ఎవరిదని అడిగే పనే ఉండదు.

"సరె" అంది. "జర నువ్వు గూడ రా అక్కా. నీ కండ్ల ముంగట పెడతా. తర్వాత నేనేదో చేసిన అనుకోవద్దు."

"వస్త. రాకుండ ఊకుంటనా? మీ మేక అత్తరు పూసుకునేది మల్ల ఎప్పుడు చూస్త?"

"నా మేకెక్కడిది, నీదే గదా" అంది జమాల్ బీ. భూలక్ష్మి కొంగు సర్దుకుని లేచింది.

కొట్టంలో లాల్ మహమ్మద్ మేకను గుంజకు పొట్టిగా కట్టేశాడు. భూలక్ష్మి గడప దగ్గర చతికిలబడింది. జమాల్ బీ సీసా మూత తీసి, వేలికి అత్తరు అద్దుకుని ముందుగా మేక ముక్కు మీద రాసింది. రెండు ముక్కుపుటాల నడుమ, పైపెదవి మీద. మేక తల విదిలించింది, తుమ్మింది, నాలుకతో ముక్కు నాకి మళ్లీ తుమ్మింది. పొదుగుకు పైన డొక్క మీద కూడా కాస్త రాసింది. ఆ తర్వాత పోతుపిల్లను తీసుకుంది. రొమ్ము, వీపు, మెడ. తన పిల్లకు ఎక్కడెక్కడ కొంగు తగిలిందో గుర్తు చేసుకుని అక్కడక్కడే రాసి, తోకకు కూడా పెట్టింది. చివరగా ఆడపిల్లకు కూడా తోక మీద ఒక చుక్క పెట్టి, రెండు పిల్లల్నీ ఒకదానికొకటి రాపాడించింది. సీసా ఖాళీ అయింది.

కట్టు కాస్త వదులు చేసి, పోతుపిల్లను కింద పెట్టింది.

అది అలవాటుగా తల్లి దగ్గరికి పరిగెత్తింది. చుక్కమేక దాని వెనుకభాగం వాసన చూసింది. చీదింది. తల వంచి పక్కకు నెట్టేసింది.

"ఆఁ. నేనన్ననా లేదా?" అంది భూలక్ష్మి.

పోతుపిల్ల మళ్లీ వెళ్లింది. ఈసారి నెట్టుడు ఇంకా గట్టిగా తగిలింది. పిల్ల కూలబడి బిక్కముఖం వేసింది. లాల్ మహమ్మద్ అటువైపు చూడకుండా దూదిపింజ చేత్తో చిదుముతున్నాడు.  జమాల్ బీ మాత్రం ఒళ్లో ఉన్న ఆడపిల్లను వదలలేదు. దాని నోరు ఆమె వేలిని వెతుక్కుంటూ చప్పరిస్తోంది.

కింద కూలబడిన పోతుపిల్ల అరిచింది.

సన్నగా, తెగినట్టు ఉంది ఆ అరుపు. మేక చెవులు రెండూ ముందుకు తిరిగాయి. పిల్ల మళ్లీ అరిచింది. మేక గొంతులోనే గుర్రుమంది, పొద్దున నాకుతున్నప్పుడు గుర్రుమన్నట్టే. అరుపు తన పిల్లదే. వాసన మాత్రం పొద్దుటిది కాదు. మేక ఒకసారి పిల్లను, ఒకసారి తన డొక్కనే వాసన చూసింది. తన ఒంటి మీద కూడా అదే వాసన. పోతుపిల్ల లేచి పొదుగు కింద దూరింది. మేక ఈసారి నెట్టలేదు. అలాగని చేపనూ లేదు. కాళ్లు బిగించి నిలబడింది.

"ఇప్పుడు" అన్నాడు లాల్ మహమ్మద్ గుసగుసగా.

"ఆగు" అంది జమాల్ బీ.

పోతుపిల్ల పొదుగును తలతో పొడిచింది. చన్ను దొరికింది. దాని తోక ఊగడం మొదలైంది. మేక మెడ తిప్పి ఆ ఊగే తోకను వాసన చూస్తూ ఉంది. పిల్ల గొంతులో గుటక పడిన చప్పుడు వినిపించాకే జమాల్ బీ కదిలింది. మోకాళ్ల మీద వెనుకవైపు నుంచి పాకుతూ వెళ్లి, ఆడపిల్లను పోతుపిల్ల పక్కకు ఆనించి, రెండో చన్ను నోటికి అందించింది. తన చేతులు తీసేసింది.

రెండు తోకలు పక్కపక్కన ఊగుతున్నాయి. మేక మొదటి తోక వాసన చూసింది. రెండోదాన్ని చూసింది. మళ్లీ మొదటిది. వెనుక కాలు కాస్త లేచింది. భూలక్ష్మి ముందుకు వంగింది. మేక కాలు కింద పెట్టింది. నోరు కదుపుతూ నెమరు వేయడం మొదలుపెట్టింది.

"చేపింది" అంది భూలక్ష్మి. కాసేపు చూసి మళ్లీ అంది. "రెంటికి చేపింది."

ఎవరూ లేవలేదు. పిల్లలు రెండూ వాటంతట అవే వదిలేసేదాకా అలాగే కూర్చున్నారు. ఆడపిల్ల డొక్క ఇంత గుండ్రంగా అయింది. ఆ తర్వాత భూలక్ష్మి లేచి చీర దులుపుకుంది.

"నాది బతికింది, నీది బతికింది. పాత మాటే. ముందుది నాది, ఎనకది నీది" అని, వాకిట్లోకి వెళ్లి వెనక్కి తిరిగింది. "వాటిని గంప కింద మూస్తె రెంటిని కలిపే మూయి. వాసన కలవనీ. రేపు మీ ఆయన పోయినంక నేనొస్త, మేకను పట్టుకోవాల్సొస్తె."

"సేమ్య వండుకో అక్కా" అంది జమాల్ బీ.

ఆమె వెళ్లాక లాల్ మహమ్మద్ ఖాళీ సీసా తీసుకుని, మూత తీసి ఒకసారి వాసన చూసి, మళ్లీ చూరులోనే దోపాడు.

"బక్రీద్‌కు ఏం పెట్టుకుంటవయ్యా?" అని అడిగింది జమాల్ బీ.

"మేకను కౌగిలించుకుంటా" అన్నాడతను.

మర్నాడు, ఆ మర్నాడు మేకను పట్టుకోవలసిన అవసరం రాలేదు. అయినా భూలక్ష్మి రెండు పూటలా వచ్చి కూర్చుని పోయింది. వచ్చినప్పుడల్లా ముక్కు మూసుకునేది. కొట్టం అంతా పెళ్లివారి విడిదిలా గుబాళిస్తోందని వీధిలో చెప్పి నవ్వించింది.

వారం తిరిగింది. పిల్లలు గంతులు వేస్తున్నాయి. భూలక్ష్మి చిన్న కత్తి పట్టుకుని వచ్చింది. ఆమె జీవాలన్నిటికీ ఎడమ చెవి కొన కొంచెం తెగి ఉంటుంది. మందలో కలిసినా, సంతలో తప్పినా ఎవరిదో ఆ గుర్తే చెబుతుంది. పోతుపిల్లను ఒళ్లో పెట్టుకుని చెవి కొన తీసేసి, పసుపు అద్ది వదిలిపెట్టింది. ఆ తర్వాత కత్తిని కొంగుకు తుడిచి జమాల్ బీ వైపు చాపింది.

"నీ గుర్తు ఏంది?"

 జమాల్ బీ ఇన్నేళ్లుగా మేకల్ని మేపుతోంది గానీ, తనకంటూ ఒక గుర్తు కావాలని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ అవసరమే రాలేదు.

"గుర్తెందుకక్కా? నీది పోతు, నాది ఆడిది. తెల్వదా?"

"ఇయ్యాల తెలుస్తది. రేపు ఇది ఈనుతది, దాని పిల్లలు ఈనుతయి. గప్పుడు? వాసన చూసి చెప్తనంటవా? నీ పుణ్యాన రెంటికీ ఒకటే వాసన."

జమాల్ బీ పిల్లను ఒళ్లోకి తీసుకుంది. చెవి మెత్తగా, వెచ్చగా, లోపలి నరాలు కనబడేంత పలచగా ఉంది. ఎడమ చెవి వదిలేసింది. కుడి చెవి నడిమధ్య, అంచు నుంచి లోపలికి సన్నగా ఒక చీలిక పెట్టింది. పిల్ల గట్టిగా అరిచింది.

దొడ్డి అవతల తుమ్మకాయలు ఏరుకు తింటున్న చుక్కమేక తల ఎత్తింది. నోట్లోది అలాగే పెట్టుకుని పరుగున వచ్చింది. జమాల్ బీ మోచేతిని తలతో పక్కకు నెట్టి, పిల్ల కుడి చెవిని వాసన చూసి, రక్తం చుక్క నాకేసింది. మళ్లీ నాకింది. జమాల్ బీ పసుపు చేతిలో పట్టుకుని, అది నాకడం అయ్యేదాకా ఆగింది.